బుగ్గ సంచి

2023 వేసవి సెలవులకు మా మనవడితోపాటు వాడరేవు వచ్చిన అతిథి బరువు 130 గ్రాములు. తూకం వేసింది నేనే, వంటింట్లో పిండి తూచే కాటా మీద. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. చేతికి ఏది చిక్కినా తూచడం, కొలవడం, నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోవడం... రిటైరైనా ఆ జబ్బు వదల్లేదు.

అతిథి పేరు లడ్డూ. హ్యామ్‌స్టర్. అమ్మకు ఎనభై ఆరేళ్లు, పైగా షుగరు. మా ఇంట్లో లడ్డూ అన్న మాట వినబడి ఐదేళ్లయింది. అలాంటిది ఒక్కసారిగా రోజుకు వందసార్లు వినబడటం మొదలైంది. "లడ్డూ తిన్నదా?" "లడ్డూకి ఇంకాస్త పెట్టు." "అయ్యో, లడ్డూ అంతా మిగిల్చింది." అమ్మ వరండాలో నవారు మంచం మీద కూర్చుని అన్నీ వింటూ ఉండేది.

మొదటిరోజు దాన్ని దగ్గరికి తెప్పించుకుని కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఏందిరా, చిట్టెలుకే గదా ఇది. తోకేమైంది, కోసేశారా?"

"కొయ్యలేదమ్మా. దీని తోకే అంత. వేలెడు కూడా ఉండదు."

"ఎంత పెట్టి కొన్నారు?"

మనవడు చెప్పాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేనుకాడ యానాదులు వందల కొద్దీ పట్టి చంపేది దీన్నే గదా," అంది.

ఆ మాటకు నాలోని మాస్టారు లేచి కూర్చున్నాడు. మన పొలాల్లో ఉండే పందికొక్కు వేరు, ఇది వేరు అని మొదలుపెట్టాను. మన దేశంలో హ్యామ్‌స్టర్లు ఉన్నా, అవి ఎక్కడో లడఖ్ కొండల్లో. ఇంట్లో పెంచుకునే ఈ బంగారు రంగుది సిరియా దేశపుది. 1839లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టారు గానీ, ఇప్పుడున్న సంతతికి మూలమైనవాటిని పట్టి పెంచింది మాత్రం 1930లో. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఆహరోని అని ఒక జంతుశాస్త్రవేత్త ఉండేవాడు. కాలా అజార్ జబ్బు మీద పనిచేస్తున్న తోటి శాస్త్రవేత్త ఆడ్లర్‌కు పరీక్షలకు హ్యామ్‌స్టర్లు కావాల్సి వచ్చాయి. ఆహరోని సిరియాలో అలెప్పో దగ్గరికి పోయి, గోధుమ చేలో కూలీలతో కలుగు తవ్వించాడు. నిలువు లోతు దాటాక దొరికాయి, ఒక తల్లి, పదకొండు పిల్లలు. అన్నిటినీ ఒకే పెట్టెలో పెడితే తల్లి బెదిరిపోయి ఒక పిల్ల తల కొరికేసింది. మిగతావాటినన్నా కాపాడదామని తల్లిని చంపేశారు. దారిలో కొన్ని పోయాయి, కొన్ని పారిపోయాయి. చివరికి మిగిలిన కొద్దిపాటి పిల్లల సంతతి ఏడాది తిరిగేసరికి నూటయాభై దాకా పెరిగింది. ఇవ్వాళ ప్రపంచంలో ఇళ్లలో, లేబొరేటరీల్లో ఉన్న బంగారు హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నిటికీ ముత్తవ్వ ఆ చచ్చిపోయిన తల్లే.

మనవడు నోరు తెరిచి విన్నాడు. అమ్మ మాత్రం ఒక్క ముక్క పట్టుకుంది.

"సిరియా అంటే అరబ్బుల దేశమేనా?"

"అరబ్బులదే."

"అయితే మన రుమాళ్లు పోయేది ఆ పక్కకే."

చీరాల తేలియా రుమాళ్ల గురించి అమ్మ మొదలుపెడితే ఆగదు. పెళ్లికి ముందు పేరాలలో పుట్టింటి మగ్గం దగ్గర తెగిన పోగులు ముడేసే పని ఆమెదే. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలుకు పట్టించేవాళ్లు. రంగు వేసి నేశాక కూడా ఆ నూనె వాసన పోయేది కాదు. ఎండకి చల్లగా ఉంటుందని అరబ్బులు తలకు చుట్టుకునేవాళ్లు. "ఒక రుమాలు ఇంకా ఉందిరా నా దగ్గర. ఉప్పెనప్పుడు బియ్యం మూటగట్టి దూలానికి యాలాడదీసింది అదే..."

"ఆ సంగతి వెయ్యిసార్లు చెప్పావుగా అమ్మా," అని పంజరం తీసుకుని లోపలికి వచ్చేశాను. 1977 నవంబరు 19 ఉప్పెన మా ఇంట్లో రామాయణం కంటే ఎక్కువసార్లు పారాయణమైంది. గుంట మగ్గం గోతి నిండా నీళ్లు, పైన ఎగిరిపోయిన తాటాకు కప్పు, మూడు రోజులు మా నలుగురు పిల్లలకీ గుప్పెడు చొప్పున ఆ రుమాలు మూటలోంచి తీసి పెట్టడం, అన్నీ తెలుసు నాకు. నేనూ తిన్నానుగా.

*

మే నెల వాడరేవంటే చూడాల్సింది కాదు, తుడుచుకోవాల్సింది. వారాంతాల్లో గుంటూరు, నరసరావుపేట నుంచి కార్లు వేసుకుని సముద్రానికి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం తిరిగే గాలి హాయిగా ఉంటుంది. ఆ గాలి తిరిగేదాకా ఇక్కడ కాపురం ఉండేవాళ్లను అడగండి, ఉక్క అంటే ఏంటో చెబుతారు. ఒళ్లంతా ఉప్పు. గోడ ముట్టుకుంటే గోడకీ చెమట. పైగా రేవు వైపు నుంచి ఎండబెట్టిన నెత్తళ్ల వాసన.

హ్యామ్‌స్టర్‌కి వేడి పనికిరాదు. ఇరవై, ఇరవై నాలుగు డిగ్రీలు దానికి సుఖం. ముప్పై దాటితే వగరుస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. మరీ చలైతే ఇంకో తమాషా. ఐదు డిగ్రీల లోపు పడితే ముడుచుకుని కొయ్యబారి పడుంటుంది, చచ్చిపోయిందనుకుని పాతిపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ భయం వాడరేవులో లేదు. వేడి సంగతే చూసుకోవాలి. కాబట్టి కొడుకు వచ్చినప్పుడు మాత్రమే వేసే ముందుగది ఏసీ, ఆ వేసవిలో పొద్దున తొమ్మిదింటికే ఆన్ అయ్యేది. పంజరంలో ఒక మట్టి పెంకు కూడా పెట్టాను, పొట్ట ఆనించి పడుకోవడానికి.

అమ్మ వరండాలోనే. ఆమెకు ఏసీ పడదు, మోకాళ్లు పట్టేస్తాయి. ఆ ముక్క మూడేళ్ల కిందట ఆమే చెప్పింది, నేను ఆ నెల కరెంటు బిల్లు పైకి చదివిన రోజున.

రాత్రిళ్లు ఏసీ గదిలో మనవడు పడుకుంటాడు. లడ్డూకి అదే పగలు. చక్రం ఎక్కి గిర్రుగిర్రున తిరుగుతుంది. ఈ జాతి అంతే, పగలు నిద్ర, చీకటి పడితే చాకిరీ. ఒక్క రాత్రిలో కొన్ని కిలోమీటర్లు పరుగెడుతుంది. అంటే ఇక్కణ్ణుంచి చీరాల గడియార స్తంభం దాకా పోయినట్టే, పంజరం దాటకుండా. మనవడికి నిద్ర చెడుతుందని రాత్రిపూట పంజరాన్ని నడవలోకి మార్చాను, పక్కన తడిగుడ్డ చుట్టిన ఐసు సీసా పెట్టి. అమ్మ మంచం రాత్రికి వేసేదీ నడవలోనే.

"నీకేమన్నా ఇబ్బందా అమ్మా?"

"నాకేం ఇబ్బంది. నాకెటూ నిద్ర పట్టదుగా," అంది.

*

ఇప్పుడు తిండి సంగతి. మా ఇంట్లో ఆ వేసవికి రెండు తిండి పట్టికలు. రెండూ నేను రాసినవే, రెండూ ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉండేవి.

ఒకటి అమ్మది. చీరాలలో మేం చూపించే డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఎంతని ఆయన చెప్పలేదు. నేను లెక్క కట్టాను. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం కొలిచిన కప్పుడన్నం, నాలుగింటికి ఒక మారీ బిస్కెట్టు, రాత్రికి రెండు పుల్కాలు. ఏడాదిలో మూడు నెలల సగటు షుగరు 8.1 నుంచి 6.4కి దిగింది. ఆ రిపోర్టు నా పెన్షన్ కాగితాల మధ్య భద్రంగా ఉంది. బరువు 46 కిలోల నుంచి 39కి తగ్గింది. షుగరుకి అదీ మంచిదేనని మా ఆవిడకు నచ్చజెప్పాను. "అత్తయ్య మొహం పీక్కుపోతోందండీ," అనేది తను. అంకెలు చూసి మాట్లాడమనేవాణ్ణి.

రెండోది లడ్డూది. రోజుకు రెండు చెంచాల గింజలు, ఓ కీరా ముక్క. పొద్దుతిరుగుడు గింజలు మాత్రం ఏడెనిమిదికి మించకూడదు, కొవ్వు. సాయంత్రం పెడితే చాలు, తెల్లారేదాకా వస్తుంది.

నాలుగోరోజో ఐదోరోజో మనవడు చూశాడు. "తాతయ్యా, గిన్నె ఖాళీ. ఒక్క గింజ లేదు."

ఇంకాస్త పెట్టాం. మర్నాడు మళ్లీ ఖాళీ. మనవడికి భయం పట్టుకుంది, ఇంత తింటే పొట్ట పగలదా అని. నాకు మాత్రం పండగే. ఎందుకంటే హ్యామ్‌స్టర్‌లో అసలు విశేషం అక్కడే ఉంది.

కోతి చేతికి శనక్కాయలిస్తే చూశారుగా. నమలదు, ముందు బుగ్గలో కూరుతుంది. దాని దవడ కింద సంచి ఉంది కాబట్టి. హ్యామ్‌స్టర్‌దీ అదే ఏర్పాటు, కాకపోతే ఒంటితో పోలిస్తే ఇంకా చాలా పెద్దది. పెదవి లోపల మొదలై చెవి వెనగ్గా భుజం దాటి పోతుంది ఆ సంచి, అటొకటి ఇటొకటి. లోపల ఉమ్మి ఊరదు, చర్మంలా పొడిగా ఉంటుంది. గింజ నానదు, చెడదు. రెండు సంచులూ నిండితే దాని తల, మిరప టిక్కీలు ఎత్తుకుని గుంటూరు యార్డుకి పోయే లారీలా అవుతుంది. ఎటు తిరగాలన్నా ఒళ్లంతా తిప్పాల్సిందే. కలుగులోకి పోయాక ముందుకాళ్లతో బుగ్గల్ని వెనకనుంచి ముందుకి నొక్కుకుంటూ అంతా కక్కేస్తుంది. ప్రమాదమనిపిస్తే కన్నపిల్లల్ని కూడా అదే సంచిలో పెట్టుకుని పరుగెడుతుంది తల్లి. యూరప్‌లో దీని పెద్దన్న ఒకటుంది, దాని కలుగులో 65 కిలోల దాకా ధాన్యం దొరికినట్టు రాశారు. జర్మన్ భాషలోనైతే దాచుకోవడం అన్న మాటకే దీని పేరు వాడతారు.

ఇదంతా చెప్పి, "తినేది తక్కువ, దాచేది ఎక్కువ. అదీ సంగతి," అని తేల్చాను. గూడు వెతికితే ఎక్కడో నాలుగైదు గింజలు తప్ప దాచిన నిల్వ కనబడలేదు. పంజరం అడుగున పరిచిన రంపపు పొట్టులో కలిసిపోయి ఉంటుందనుకున్నాను. దాని పట్టిక కొట్టేసి రెండు చెంచాలను నాలుగు చేశాను.

అమ్మ అక్కడే ఉంది. "ఇప్పుడు దానికి ఎంత పెడుతున్నావురా?" అని అడిగింది.

"నాలుగు చెంచాలు."

"ఊఁ," అంది.

నేను ఊరుకోవచ్చుగా. ఇంకోటీ చెప్పాను, ఎక్కడో చదివి నోటు పుస్తకంలో గీత గీసుకున్న విషయం. మనిషిని గానీ తెల్ల ఎలుకను గానీ పస్తు ఉంచితే, ఆ తర్వాత మామూలు కంటే ఎక్కువ తినడం సహజం. హ్యామ్‌స్టర్ అలా చెయ్యదు. పస్తు ఉంచిన హ్యామ్‌స్టర్‌కి తర్వాత ఎంత పెట్టినా ఎక్కువ తినదు, ఎక్కువ దాస్తుంది. ఆకలి దాని పొట్టలోకి కాదు, సంచిలోకి పోతుందన్నమాట.

"అది ఎలుక కాబట్టి నీకు చెప్పదు," అంది అమ్మ.

నేను నవ్వాను. పాయింటు రాసుకున్నాను కూడా.

*

ఆ పది రోజుల్లో అమ్మకీ లడ్డూకీ మంచి స్నేహం కుదిరింది. వాళ్లిద్దరికీ ఉన్న ఇంకో బంధుత్వం కూడా చెప్పి ఇంట్లో అందర్నీ నవ్వించాను. కరోనా టైములో అమ్మా నేనూ వేయించుకున్నది హైదరాబాదు వాళ్ల కోవాగ్జిన్. మనుషులకు రాకముందు ఆ టీకాను పుణె వైరాలజీ సంస్థలో హ్యామ్‌స్టర్ల మీద కూడా పరీక్షించారు. ఆ జబ్బు వాటి ఊపిరితిత్తుల్లో చేసే చెరుపు దాదాపు మనకు చేసినట్టే ఉంటుంది మరి. 2022 జనవరిలో హాంకాంగ్‌లో, ఒక కొట్టులో హ్యామ్‌స్టర్లకు కరోనా కనబడిందని రెండు వేల దాకా చంపేశారు పాపం.

"అయితే నాకంటే ముందు సూది పొడిపించుకుందన్నమాట, పిచ్చిముండ," అని అమ్మ పంజరం ఊచల మధ్య వేలు పెట్టి దాని నుదురు రాసేది. లడ్డూ కరిచేది కాదు. దాని చూపు అంతంతమాత్రమే, వాసనే దానికి కళ్లు. అమ్మ వేలి వాసన దానికి అలవాటైపోయింది.

మా ఆవిడకు మాత్రం నిద్ర సరిగా పట్టేది కాదు. ఓ రాత్రి నన్ను లేపింది.

"ఏమండీ, నడవలో ఏదో చప్పుడు. టకటకమని."

విన్నాను. నిజమే. టక్, టక్, కాసేపు ఆగి మళ్లీ టక్.

"లడ్డూ ఊచలు కొరుకుతోంది," అన్నాను. కొరికే జాతికి ముందుపళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. దేన్నో ఒకదాన్ని కొరికి అరగదీసుకోకపోతే ఆ పళ్లే దవడలో గుచ్చుకుంటాయి. ఇంత వివరంగా చెబితే ఎవరికైనా నిద్ర వస్తుంది. తనకీ వచ్చింది.

పొద్దున మంచం పక్కన నేల మీద నల్లటి పొట్టు. పొద్దుతిరుగుడు గింజలది. ఊచల సందులోంచి విసిరి ఉంటుందని ఊడ్పించాను. అమ్మ తలగడ పక్కనుండే ఇత్తడి రోట్లో కూడా కాస్త పొట్టు కనబడింది. ఆకూ వక్కా దంచుకునే చిన్న రోలది. పళ్లూడాక అమ్మ తాంబూలం అందులో నూరుకునే వేసుకునేది. నాలుగేళ్ల కిందట డాక్టరు మాన్పించాడు, అయినా ఆ రోలు మాత్రం వదిలిపెట్టలేదు. ఎంత దూరం విసురుతుందిరా ఈ లడ్డూ అని మనవడితో అంటూ రోలు బోర్లించి కడిగించాను.

*

పదకొండో రోజు పొద్దున పంజరం తలుపు తెరిచి ఉంది. లడ్డూ లేదు.

మనవడి ఏడుపు వీధి చివర వలలు బాగుచేసుకునేవాళ్ల దాకా వినబడింది. "నేను గొళ్లెం పెట్టాను తాతయ్యా, ఒట్టు, పెట్టాను." పిల్లలు ఇలాంటప్పుడు చెప్పేది అదేగా. కొట్టలేదు గానీ, మతిమరుపు మీద ఓ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ ఏదో అనబోయి ఆగింది.

తప్పించుకున్న హ్యామ్‌స్టర్ గది మధ్యలోకి రాదు. గోడ వెంబడి నక్కుతూ పోతుంది. ఎక్కడ తిరిగిందో తెలియాలంటే నేల మీద పిండి చల్లాలి. ఆ రాత్రి నడవలో బియ్యప్పిండి జల్లెడ పట్టి పల్చగా పరిచాను, సంక్రాంతి ముగ్గుకి కూడా అంత ఒద్దికగా పట్టి ఉండరు. పంజరం తలుపు తెరిచే ఉంచి గిన్నె నిండా గింజలు పోశాను. ఇలాంటి ప్రయోగం చేసి ఎన్నేళ్లయిందో.

తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ. పిండిలో లడ్డూ అడుగు ఒక్కటి లేదు. ఉన్నవన్నీ అమ్మ అడుగులే, నడవ నిండా.

"అంతా తొక్కి చెరిపేశావు! వచ్చి తిని పోయింది, ఏ మూలకి పోయిందో తెలియకుండా చేశావు. ఒక్క రాత్రి కదలకుండా పడుకోలేకపోయావా?"

"లేవాల్సి వచ్చిందిరా," అంది అమ్మ. మళ్లీ, "చూసుకోలేదు," అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో ల్యాబ్‌లో ఏ పిల్లాణ్ణీ అంత గట్టిగా కోప్పడలేదు.

ఆ మధ్యాహ్నం, అన్నాలయ్యాక, అమ్మ నడవలోనే మంచం మీద వాలింది. మనవడు ఫోను లైటు వేసుకుని ఆ మంచం కిందికి దూరాడు. అక్కడ అమ్మ రేకు పెట్టె ఉంటుంది, పెళ్లినాటిది. ఆ పెట్టెకీ గోడకీ మధ్య జానెడు సందు.

"తాతయ్యా! లడ్డూ!"

నేనూ మోకాళ్ల మీద వంగాను. ఆ సందులో పడిపోయిన పాతచీర మడతలో ఉండలా ముడుచుకుని నిద్రపోతోంది. పక్కనే బత్తాయిపండంత మూట.

"దాని గోడౌన్ కూడా దొరికింది!" అన్నాడు మనవడు.

నా ఆనందం ఏం చెప్పను. రుజువు అంటే ఇది. లడ్డూని వాడి చేతికిచ్చి, మూట తెచ్చి కాటా మీద పెట్టాను. 390 గ్రాములు. అంటే దాని బరువుకి సరిగ్గా మూడింతలు. మా ఆవిణ్ణి కేకేసి చూపించాను. "చూశావా, గూటి కోసం గుడ్డపీలికలు కూడా లాక్కెళుతుంది, దాంట్లోనే ఇంత దాచింది. ఇదంతా ఆ బుగ్గల్లో పెట్టి మోసుకొచ్చిందే. పట్టుమని రెండు వారాలు కాలేదు." తేదీ వేసి రాసుకున్నాను కూడా.

గుడ్డ పాతది, మెత్తబడిపోయి ఉంది. ఎరుపు, నలుపు గళ్లు ఇంకా ఆనవాలు పట్టొచ్చు. ఓ మూల చిరుగులోంచి గింజలు రాలాయి, పొట్టు తీసినవి. వాటి వెంట మారీ బిస్కెట్టు ముక్క, ఎండిపోయిన పుల్కా అంచు. విప్పుదామని చూశాను, రాలేదు. గోటితో పట్టుబట్టాను, అయినా రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన.

మనవడు నా చేతులకేసే చూస్తున్నాడు.

"తాతయ్యా, లడ్డూకి ముడి వేయడం కూడా వచ్చా?"

చిన్న ముడి. తెగిన పోగు అతికినట్టు పట్టుగా, కొసలు పైకి కనబడకుండా వేసిన ముడి.

వాడి అరచేతిలో లడ్డూ నిద్రలేచి మీసాలు కదుపుతోంది. దాని బుగ్గలు రెండూ చదునుగా ఉన్నాయి.

నడవలోకి చూశాను. అమ్మ గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని పడుకుంది. పైకి కనబడే బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. నమలడం లేదు.